బిగుసుకుపోయిన పలక

అక్టోబరు 14, మంగళవారం

బావకు,

నమస్కారం. నేను బాగానే ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉందో, మీ అన్నయ్యగారింట్లో అందరూ ఎలా ఉన్నారో రాయి.

ఇక్కడ వాన నిన్నటితో తెరిపిచ్చింది. పడమటి గాలి మొదలైంది. రేవులో నీళ్లు గట్టు అంచు దాకా ఉన్నాయి. పొద్దున షాపులో ఒక పంపు మోటారుకు తీగ చుట్టడం పూర్తి చేసి, మధ్యాహ్నం షెడ్డు తలుపులు రెండూ తీసి పెట్టాను, పడవకు కాస్త గాలి తగులుతుందని. షెడ్డు కప్పు కారి, పైన కప్పిన పట్టా మడతల్లో నీళ్లు నిలిచి, ఒక కప్ప కాపురం పెట్టింది. దాన్ని ఖాళీ చేయించడానికి చాలాసేపు పట్టింది.

నీ ఉత్తరం అందింది. పడవ అమ్మేయమన్నావు. ఎవరు ఎక్కుతారని ఇంకా ఉంచుకోవడం అన్నావు. అక్క పోయాక మనం దాన్ని నీళ్లలో దింపిందే లేదు కదా అన్నావు. నిజమే. పడవ నీది, నీ మాట కాదనను. ఆదివారం ఎవరో మొగుడూ పెళ్లాం చూడడానికి వస్తామన్నారట, టైర్ల షాపాయన చెప్పాడు. రానీ. కానీ బావా, అమ్మాలన్నా ముందు దాన్ని ఒక దారికి తేవాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు పడవను మోసే ట్రైలర్ సంగతి. ఎడమ చక్రం చేత్తో తిప్పితే గరగరమంది. విప్పి చూస్తే బేరింగులో గ్రీజు విరిగిన పాలలా ఉంది. లోపలికి నీళ్లు పోయాయి. దూరం నడిచి వేడెక్కిన చక్రాన్ని అలాగే చల్లటి నీళ్లలో దింపొద్దు, కాసేపు చల్లారనివ్వండి అని రేవు దగ్గర అక్క ప్రతిసారీ మొత్తుకునేది. మనం ఎప్పుడైనా ఆగామా? గాలి పడిపోతుందని నీ తొందర, నువ్వు తిడతావని నా తొందర. రెండు వైపులా కొత్త బేరింగులు వేశాను. టైర్లు అరగలేదు గానీ పక్కలు బీటలిచ్చాయి. మనలాగే, నడవక పాడయ్యాయి.

వెనక దీపాల తీగ ఎలుక కొరికింది. అతుకు వేశాను. వేశాక చూస్తే ఎడమ స్విచ్చికి కుడి దీపం వెలిగింది. మోటార్లకు తీగ చుట్టి బతికేవాడికి ఇలా జరిగిందని ఎవరికీ చెప్పకు. సరిచేశాను.

పడవ అడుగు గట్టిగానే ఉంది. ట్రైలర్ దిమ్మె ఆనుకున్న చోట రంగు లేచింది. ఉప్పు కాగితంతో రుద్ది రెండు పూతలు వేశాను. తెరచాప కొయ్యను నిలబెట్టే ఇనుప తీగల్లో ఒకదానికి పోగులు లేచి వేలికి గుచ్చుకున్నాయి. మార్చాను. తెరచాప విప్పి దండెం మీద ఆరేశాను. మడతల దగ్గర బూజు చుక్కలు పడ్డాయి. అక్క వేసిన అతుకు మాత్రం చెక్కు చెదరలేదు.

అసలు చిక్కు పడవ అడుగులోంచి నీళ్లలోకి దించే నడుమ పలకతో వచ్చింది. అది బిగుసుకుపోయింది. చెక్క కదా, కిందటేడు తడి మీదే పైకి లాగి కట్టేశాం. ఉబ్బి గాడిని పట్టేసుకుంది. ట్రైలర్ మీద ఉండగా దింపుదామంటే కింద అడ్డ ఇనుము ఉంది. పడవను నేలకు దించి, పాత టైర్ల మీద పక్కకు ఒరిగించి, ఒకరు లోపల తాడు వదులుతుంటే ఇంకొకరు అడుగు నుంచి లాగాలి. పలక దిగని పడవ సంగతి నీకు చెప్పేదేముంది, గాలి ఎటు తోస్తే అటు ఎండుటాకులా జారిపోతుంది. అలాంటిదాన్ని ఎవరికి అంటగడతాం?

కాబట్టి ఆదివారం లోపల రా. నీ గది తుడిచాను. ఫ్యాను మోటారు కొత్తగా చుట్టాను, ఇప్పుడు చప్పుడు లేదు. మోకాలు నొప్పయితే కుర్చీ వేస్తాను, కూర్చుని నన్ను తిట్టు. అదీ పనికి సాయమే.

నిన్న ట్రైలర్‌ను వ్యానుకు తగిలించి, కొత్త బేరింగులు ఎలా ఉన్నాయో చూద్దామని రోడ్డు చివరి దాకా వెళ్లొచ్చాను. వెళ్లడం తేలికే, మళ్లీ షెడ్డులోకి వెనక్కి పెట్టడమే కష్టం. స్టీరింగ్‌ను అడుగున పట్టుకోరా, ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటే జరుపు అని అక్క నాకు నేర్పింది. నీకు ఎన్నేళ్లు చెప్పినా రాలేదు. మీకన్నా పడవే నయమండీ, చెప్పిన మాట వింటుంది అనేది. వెనక నిలబడి చెయ్యి చూపించే మనిషి లేకపోతే తెలిసిన విద్య కూడా పనికిరాదు. కొంచెం నడపడం, దిగి వెనక్కెళ్లి చూడడం, మళ్లీ ఎక్కడం. అలా పొద్దు వాలింది. గోడకు గీత పడింది. ఎదురింటావిడ కిటికీలోంచి చూసింది, ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

వచ్చే రోజు తెలియజేస్తే బస్సు దగ్గరికి వస్తాను.

నీ బావమరిది

తా.క. ఇది ఆదివారం రాస్తున్నాను. ఉత్తరం పోస్టు చేయలేదు. రోజూ జేబులో పెట్టుకుని షాపుకు తీసుకెళ్లి, మళ్లీ ఇంటికే తెచ్చాను.

పలక గురించి రాసింది నిజం కాదు. అది బిగుసుకుపోలేదు. దాని తాడుకు ఉన్నది అక్క వేసిన ముడి. ఆఖరిసారి రేవు నుంచి వచ్చేటప్పుడు, దారిలో పలక జారకుండా తనే కట్టింది. దాన్ని నేను విప్పలేదు. నువ్వూ విప్పలేదు. పలక దిగుతుందో లేదో నేను చూడనే లేదు. నువ్వు వస్తావని అలా రాశాను.

ఆ మొగుడూ పెళ్లాం పొద్దున్నే వచ్చారు. ఎలుక కొరికిన తీగతో సహా అన్ని లోపాలూ చెప్పాను. పలక బిగుసుకుపోయిందని వాళ్లకీ చెప్పాను. ఒక్కరితో అయ్యే పడవ కాదు, ఎప్పుడూ ఇద్దరు ఉండాలి అన్నాను. మేమిద్దరమేగా అంది ఆవిడ.

ముగ్గురం కలిసి పడవను టైర్ల మీద ఒరిగించాం. ఆవిడ లోపలికి వంగి గోళ్లతో ముడి విప్పింది. కాసేపు పట్టింది. మంచి ముడి, ఎవరు వేశారండీ అంది. ఇంట్లోవాళ్లు అన్నాను. ఆయన అడుగు నుంచి పట్టి లాగితే పలక చప్పుడు లేకుండా వచ్చేసింది. బిగుసుకుపోయిందన్నారే అన్నాడు. వానకి అన్నాను.

డబ్బిచ్చి, పడవతో సహా ట్రైలర్‌ను వాళ్ల బండికి తగిలించుకున్నారు. గేటు బయట మలుపు చాలక ఒకసారి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఆవిడ వెనక నిలబడి ఎడమకి, ఎడమకి అంది. ఆయన తిప్పాడు. నీ ఎడమ కాదు, నా ఎడమ అంది. నువ్వు నాకు ఎదురుగా నిలబడితే ఎవరి ఎడమో నాకేం తెలుసు అన్నాడు. ఇద్దరూ కాసేపు అలాగే పోట్లాడుకున్నారు. స్టీరింగ్‌ను అడుగున పట్టుకోమని ఆయనకు చెప్పాను. గోడకు తగలకుండా తీశాడు. రేవులో చక్రాలు చల్లారనివ్వమని కూడా చెప్పాను. సరేనన్నారు.

ఇక్కడ ఇప్పుడు ఇద్దరు కావలసిన పనేమీ లేదు. ఫ్యాను బాగా తిరుగుతోంది.

సందు చివర ఎడమ దీపం వెలిగింది, ఎడమకే తిరిగారు. పది గంటలకు వెళ్లారు.