ల్యాప్‌టాప్ మీద మన ఇంటి గుర్తు

ఔలు యూనివర్సిటీ హాస్టల్, అక్టోబరు 9

నాయనమ్మా, నేనూ నా ల్యాప్‌టాపూ క్షేమం. సన్నటిది వద్దని, చలికి ఆగే మొద్దుదే కొనిపించావు. దాని మూత మీద మన ఇంటివని తెలిసేలా రెయిన్‌డీర్ల చెవులకు గాట్లతో పెట్టే గుర్తు కత్తితో చెక్కావని రెండు రోజులు నీతో మాట్లాడలేదు కదా, ఆ అలక ఇక్కడితో సరి.

మంగళవారం లైబ్రరీలో ఎప్పటిలాగే ల్యాప్‌టాప్‌లు బల్ల మీదే వదిలేసి మా క్లాసువాళ్లం ముగ్గురం భోజనానికి వెళ్లాం. ఇక్కడ అందరూ అంతే. తిరిగొచ్చేసరికి మిగతా ఇద్దరివీ పోయాయి, నాది మాత్రం ఉంది. "అన్ని గాట్లున్నదాన్ని దొంగ ఎవరికి అమ్ముకుంటాడు, పాపం," అన్నాడు పోలీసాయన. అప్పట్నుంచి తిండికి వెళ్లినా దాన్ని చంకలో పెట్టుకునే వెళ్తున్నాను.

కుంటి దూడ మందలో కలిసిందా? ఎండు మాంసం అయిపోయింది, పంపు. మోకాలు చలిగాలికి పెట్టకు.

ఇంకో సంగతి. ల్యాప్‌టాప్ పోగొట్టుకున్న ఇద్దరిలో ఒకడు, ఎల్మెరి, కొత్తదాని మీద నీ చేత అదే గుర్తు చెక్కించమంటున్నాడు. "అది మా ఇంటివాళ్లకే," అన్నాను. "అయితే మీ ఇంటివాణ్ణి కావాలంటే ఏం చెయ్యాలి?" అన్నాడు. క్రిస్మస్‌కి అతణ్ణి వెంటబెట్టుకొస్తున్నాను, కత్తి నూరి ఉంచు.

నీ మొండి మనవరాలు
రిస్తెన్