నా కారు మైలేజీ తగ్గించి రాయించవలెనని మనవి

పాత బండ్ల మార్పిడి పథకం, పై అంతస్తు, అధికారి గారి సముఖమునకు,
ఈ ఊరిలో ఉన్న ఒకే ఒక్క డ్రైవింగ్ స్కూలు మాస్టారు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పెట్రోలు ఎక్కువ తాగు పాత బండిని అప్పగించి, తక్కువ తాగు కొత్త బండి కొనుటకు ప్రభుత్వ సహాయము కోరగా, నా బండి తక్కువే తాగుచున్నదని తిరస్కరించుట గురించి, మరల పరీక్ష జరిపించుట, అది కూడా తగిన మనిషి చేత జరిపించుట గురించి.

తమరి సముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు కారు నా పేరిటనే ఉన్నది. ఇది మామూలు కారు కాదు, నేర్పే కారు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటే, పక్క సీటులో నా కాళ్ళ కింద ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చి ఉంటాయి. ఈ ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళందరూ మొట్టమొదట గోడను గుద్దబోయింది ఈ కారుతోనే, గుద్దకుండా ఆపింది నా కాలే. ఇన్నేళ్ళూ ఈ బండి మొదటి గేరు, రెండో గేరు తప్ప పెద్దగా ఎరగదు. ఆగడం, దూకడం, మళ్ళీ ఆగడం, ఇదే దాని బతుకు. అందువల్ల లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు దాటి ఏనాడూ ఇచ్చిన పాపాన పోలేదు. పెట్రోలు బంకు వాళ్ళు నన్ను అల్లంత దూరాన చూసే లేచి నిలబడతారు.

2. తమరి కార్యాలయపు కింది అంతస్తు వారు నాకు ఒక నోటీసు ఇచ్చియున్నారు. నేర్పుటకు ఈ బండి మరీ ముసలిదైనదట. నెలాఖరులోగా కొత్త బండి చూపనియెడల స్కూలు అనుమతి రద్దగునట. సరే, న్యాయమే. వెనక సీటులో కాళ్ళు కాస్త పక్కకు జరిపితే కింద రోడ్డు కనిపిస్తుంది, నేను కాదనను. అయితే మొత్తం సొమ్ము నేనే పెట్టి కొత్త బండి కొనే తాహతు నాకు లేదు. ఆ దిగులుతో మెట్ల దగ్గర నిలబడి ఉండగా, గోడ మీద తమరి పథకం ప్రకటన కంటపడింది. లీటరుకు పన్నెండు కంటే తక్కువ ఇచ్చే పాత బండి తెచ్చి అప్పగిస్తే, కొత్తదాని ధరలో కొంత ప్రభుత్వం భరిస్తుందని అందులో ఉంది. నా దానికి ఎనిమిదే కదా అని అక్కడికక్కడే గంతేశాను. ఆ గంతు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

3. పరీక్ష ఎలా జరిగిందో తమరికి ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు గనుక నేనే చెప్పుకుంటాను. బండిలో ట్యాంకు నిండా పోయించి, ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పి, మళ్ళీ నింపి ఎంత పట్టిందో చూస్తారు. నడిపేది తమరి ఉద్యోగి, పక్కన యజమాని కూర్చోవలెను, యజమాని మాట్లాడరాదు. ఇదీ నిబంధన.

ముందురోజు నా బామ్మర్ది వచ్చాడు. "బావా, టైర్లలో గాలి తగ్గించు, డిక్కీలో నాలుగు ఇటుకలు వెయ్యి, నువ్వు నోరు మూసుకుని కూర్చో. మూడోది చెయ్యగలిగితే మొదటి రెండూ అక్కర్లేదనుకో" అన్నాడు. గాలీ ఇటుకలూ మోసం కిందికి వస్తాయి, నేను అలాంటివాణ్ణి కాదని చెప్పి పంపించేశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఉదయం లేచి ప్లగ్గులు శుభ్రం చేసి, ఎయిర్ ఫిల్టరు దులిపి, నాలుగు టైర్లకూ గాలి కొట్టించి మరీ తీసుకొచ్చాను. ఎందుకు చేశావయ్యా అంటారా. పరీక్ష అన్న మాట వింటే చాలు, తల దువ్వి పంపించడమే నాకు అలవాటు.

తమరి ఉద్యోగిని అయిన అమ్మాయి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ఆమె నా దగ్గర నేర్చుకున్నదే.

"మాస్టారూ, మీరు మాట్లాడకూడదు. రూలు" అంది.

"నేనెందుకు మాట్లాడతానమ్మా, నువ్వు కానీ" అన్నాను.

మొదటి వీధి అద్భుతంగా గడిచింది. పక్కన మాస్టారు ఉన్నాడన్న కంగారులో ఆ పిల్ల రెండో గేరులోనే ఉండిపోయి, ఎక్సలేటరు తొక్కుకుంటూ పోయింది. ఇంజను గోల పెడుతోంది, పెట్రోలు నీళ్ళలా పోతోంది, నాకు లోపల పండగలా ఉంది. పళ్ళ బిగువున కూర్చున్నాను. మలుపు దాకా ఓర్చుకున్నానండీ, అబద్ధం చెప్పను. మలుపు దగ్గర నా నోరు నా చేతుల్లో లేదు.

"గేరు మార్చవేమమ్మా, ఇంజను ఏడుపు వినపడట్లేదా? నీకు నేర్పింది ఇదేనా?"

"సారీ మాస్టారూ" అంది, మార్చేసింది.

ఇక అయిపోయింది. ఎర్ర దీపం దూరంగా కనిపిస్తే "ఎలాగూ ఆగేదే కదా, ఇప్పుడే కాలు తియ్యి, దానంతటదే వెళుతుంది" అన్నాను. దిగుడులో "వదిలెయ్, వదిలెయ్" అన్నాను. పాదం ఎంత మెత్తగా పెట్టాలో చేత్తో చూపించాను కూడా. ఆ అమ్మాయి బండిని ఎక్కడా ఉలికిపడనివ్వకుండా తెచ్చి గేటు ముందు ఆపి, "ఎలా నడిపాను మాస్టారూ?" అని అడిగింది. "శభాష్, ఇదీ నడపడమంటే" అని భుజం తట్టాను. మళ్ళీ ట్యాంకు నింపి లెక్క కట్టారు. లీటరుకు పదిహేడు. ఆ అంకె చూసి నాకు ముందు ఛాతీ పొంగింది. స్కూలు మూతపడుతుందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

4. తమరి పై అంతస్తు వారు ఇచ్చిన తిరస్కార పత్రములోని వాక్యమును యథాతథముగా మనవి చేయుచున్నాను: "సదరు వాహనము ఇంధనమును మిక్కిలి పొదుపుగా వాడుచున్నందున, ఇంధనమును పొదుపుగా వాడు వాహనము కొనుటకు అర్జీదారునికి సహాయము అవసరము లేదని తేలినది." ఇది వ్రాసినవారెవరో గాని వారికి నా నమస్కారములు. ఈ వాక్యంలో ఎక్కడ బ్రేకు వెయ్యాలో ఇన్నేళ్ళ అనుభవం ఉన్న నాకే తెలియలేదు.

అది పట్టుకుని ఇంటికి వెళ్ళాను. నా భార్య మా ముందు గదిలో రోడ్డు గుర్తుల పాఠం చెబుతుంది. స్కూల్లో సగం ఆమెదే. కాగితం చదివి, "కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే మీ సొమ్మేం పోయేదండీ?" అంది. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. మర్నాడు అన్నానికి కూర్చోబోతే నా కుర్చీకి, పాఠాల కోసం చేయించిన "హారన్ మోగించరాదు" బోర్డు వేలాడుతోంది. ఈరోజుకీ అక్కడే ఉంది.

5. తిరస్కార పత్రము తీసుకుని కింది అంతస్తుకు వెళ్ళాను. బండి భేషుగ్గా ఉందని మీ పైవాళ్ళే అంటున్నారు, కనుక దీంతోనే నేర్పుకోనివ్వండని అడిగాను. అక్కడి గుమాస్తా గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ముసలిది ముసలిదేనండీ, ఎంత మైలేజీ ఇస్తే ఏం" అన్నారు. పైకి వెళ్ళాను. పై గుమాస్తా గారు, "బంగారం లాంటి బండి, ఎందుకు వదులుకుంటారు చెప్పండి" అన్నారు. ఆ ముక్కే రాసి కిందికి ఇవ్వమన్నాను. అది వారి సెక్షను కాదట. మరి నేను ఏం చెయ్యాలని అడిగితే, "కాస్త పాడు చేసుకుని వచ్చే ఏడాది రండి" అని సలహా చెప్పారు. మధ్యలో మెట్ల మీద నేనూ నా బండి కాగితాలూ ఉన్నాము. ఒకే భవనంలో కింద చచ్చిపోయి పైన బతికి ఉన్న కారు ప్రపంచంలో ఇంకొకటి ఉండదనుకుంటాను.

అప్పగించిన బండిని ఏం చేస్తారో కూడా కనుక్కున్నాను. ఇంజనులో ఆయిలు తీసేసి, ఏదో ద్రవం పోసి, బిగుసుకుపోయేదాకా నడిపి చంపుతారట. విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆ కారంటే నాకు ప్రేమ, దాచేదేముంది. అయినా చంపుకోండి అనే తెచ్చాను, ఎందుకంటే అది పోతే ఇంకో కారు వస్తుంది, స్కూలు పోతే నాకు ఇంకో పని రాదు. పక్క సీటులో కూర్చుని మందలించడం తప్ప ఈ జన్మలో నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

6. ప్రజాక్షేమము దృష్ట్యా ఇంకొక సంగతి. నెలాఖరుకు స్కూలు మూసినచో, సగం నేర్చినవాళ్ళు సగంలోనే రోడ్డెక్కుతారు. పళ్ళ డాక్టరు గారికి ముందుకు వెళ్ళడం వచ్చింది, వెనక్కి రావడం రాలేదు. ఆస్పత్రి నర్సమ్మ గారు కుడివైపు చక్కగా తిరుగుతారు, ఎడమవైపు తిరగవలసి వస్తే కుడివైపే మూడుసార్లు తిరుగుతారు. రిటైరైన క్యాషియరు గారికి బ్రేకు ఎక్కడుందో తెలుసు గాని, అవసరమైనప్పుడు కళ్ళు మూసుకుంటారు. వీరందరినీ తమరి పూచీ మీద వదలవలసి వస్తుంది.

7. ఇక అసలు మనవి. తమరు ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చినచో ఏడాది ఆగకుండానే మరల పరీక్ష జరపవచ్చునని గోడ మీది నిబంధనలలో ఆఖరున చిన్న అక్షరాలలో ఉన్నది. నేను దయ అడగడం లేదు. నేర్చినవాళ్ళు నడిపితే వచ్చే మైలేజీ ఈ బండి మైలేజీ కాదు, నేర్చినవాళ్ళు దీన్ని నడపనే నడపరు. దీని నిజమైన బతుకు నేర్వనివాళ్ళ కాళ్ళ కింద ఉంది. కనుక పరీక్ష కూడా నేర్వని మనిషి చేత జరగడమే ధర్మము.

అయితే నడిపేది తమరి కార్యాలయ ఉద్యోగే అయి ఉండాలి గదా. నేను లెక్క వేసుకుని చూశాను. కింది అంతస్తులో అందరూ నా శిష్యులే. పై అంతస్తులో అందరూ నా శిష్యులే. కళ్ళద్దాల గుమాస్తా గారు కూడా నా చేత చీవాట్లు తిన్నవారే, అందుకే నా మీద ఆ గుర్రు. వీరిలో ఎవరు ఎక్కినా, నేను పక్కన కూర్చోగానే వీపు నిటారుగా పెట్టి చక్కగా నడిపేస్తారు. మిగిలింది తమరొక్కరే. తమరు ఈ మధ్యనే బదిలీ మీద వచ్చారు.

తప్పుగా అనుకోవద్దు. ఈ మెట్ల దగ్గర పడిగాపులు కాసిన రోజుల్లో తమరు కారులో గేటు లోపలికి రావడం రోజూ చూశాను. తమరి ఎడమ కాలు క్లచ్చి మీద నుంచి దిగడం నేను ఒక్కనాడూ ఎరగను. స్పీడు బ్రేకరు దాటాక బ్రేకు వేస్తారు. ఒకనాడైతే హ్యాండ్ బ్రేకు వేసే ఉంచి ఇంటి నుంచి ఇక్కడి దాకా వచ్చారు. "అయ్యగారి కంటే ముందు వాసన వస్తుందండీ" అని గేటు దగ్గర వాచ్‌మన్ నాతో చెప్పాడు, అతని మీద కోప్పడవద్దు. అయ్యా, తమరు గనక నా బండి ఒక్క చుట్టు తిప్పితే పదిహేడు కాదు, ఏడు కూడా రాదు. ఆ నమ్మకం నాకు పూర్తిగా ఉన్నది. ఈ ఊళ్ళో నన్ను కాపాడగలిగిన చెయ్యి, అంటే కాలు, తమరిదొక్కటే.

కావున తమరు దయయుంచి నెలాఖరు లోపల ఒక ఉదయం స్వయముగా విచ్చేసి, సదరు బండిని తమరి సహజ ధోరణిలో నడిపి, వచ్చిన మైలేజీని వచ్చినట్టుగా నమోదు చేయించవలసినదిగా చేతులు జోడించి వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను; చిత్తం కుదరకపోతే కనీసం బండైనా ఎక్కవలెను.

ఇట్లు,
పక్క సీటులో కూర్చున్నంతసేపు తప్ప మిగతా అన్ని వేళలా
తమ విధేయుడు,
డ్రైవింగ్ స్కూలు మాస్టారు

తా.క.: అర్జీ మడిచి కవరులో పెట్టబోతుంటే నా భార్య తీసుకుని చదివింది. "ఆయన నడపడం రాదని రాసి, ఆయన్నే నడపమని అడుగుతారా? బాగానే ఉంది" అంది. చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే కనుక చింపబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టే పంపుతున్నాను.

తరవాత ఆమె ఇంకోటి అడిగింది, అది తమరికి చెప్పక తప్పదు. "ఆయన నిజంగా వస్తే మీరు నోరు మూసుకుంటారా?" అంది. మూసుకుంటానని మాటిచ్చాను. నా వైపు బ్రేకూ క్లచ్చీ ఈ సాయంత్రమే బామ్మర్ది చేత విప్పించేశాను, కాళ్ళతో అడ్డం పడే భయం లేదు. నోరు మాత్రం విప్పించి పక్కన పెట్టడం కుదరలేదు. నా సంగతి నాకు తెలుసు, మలుపు దాకానే నా ఓపిక. అక్కడ నేను గేరు మార్చమంటాను. కాలు తియ్యమంటాను. అరుస్తాను కూడా. ఇన్నేళ్ళుగా ఎక్కిన ప్రతి మనిషినీ నా మాట వినమనే పోరు పెట్టాను, వినకపోతే తిట్టాను. ఆ ఒక్కరోజు మాత్రం, తమరికి పుణ్యం ఉంటుంది, నా మాట వినకండి.