నాయన విజిల్

శుక్రవారం రాత్రి, మే 1983

రాయకుండానే దీపం ఆర్పేద్దామనుకున్నాను. నిద్ర పట్టక మళ్లీ లేచి కూర్చున్నాను.

వానల్లేవు, గడ్డి లేదు. నాయన పెంచిన మందలో మిగిలిన గొర్రెలను ఈ రోజు కసాయి లారీకి ఇచ్చేశాను.

నాయన మొదటి పెద్ద యుద్ధానికి పోయి వచ్చిన సిపాయి. ఎంత కరువులోనూ రోజూ గడ్డం గీసుకునేవాడు. ఆ నీళ్లు వంగచెట్టుకు పోసేవాడు, ఆ వంకాయలను అమ్మ ముట్టేది కాదు. అది వేరే కథ. పటాలం నుంచి తెచ్చిన ఇత్తడి విజిల్‌ను ఆంజనేయస్వామి పటం పక్కన మేకుకు తగిలించి, దండం పెట్టుకునే తీసేవాడు. అది ఊదితే మందంతా నీళ్లతొట్టి దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. అమ్మే గొర్రెను మాత్రం ఊది పిలిచేవాడు కాదు, చేతులతో ఎత్తుకుపోయేవాడు.

"ఆడ యుద్ధంలో ఇది ఊదితే పోయినోళ్లు తిరిగి రాలేదురా. ఈడ ఇది నీళ్లకే," అనేవాడు.

ఈ రోజు లారీ ఎక్కమంటే గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. డ్రైవరు విసుక్కున్నాడు.

"ఏమప్పా పెద్దాయనా, పొద్దు పోతాంది. ఎక్కిస్తావా, వదిలేసి పోదునా?"

వదిలేసి పోతే అవి ఆకలితో దొడ్లోనే చస్తాయి. లారీలోకి ఎక్కి విజిల్ ఊదాను. ఒకదాన్నొకటి తోసుకుంటూ అన్నీ ఎక్కాయి. నీళ్లకోసం నా చేతులు వాసన చూశాయి.

ఇంటికొచ్చి విజిల్‌ను మేకుకు తగిలించబోతుంటే మా ఇంటామె చూసింది.

"ఆడొద్దులే," అనింది.

గూట్లో కిరసనాయిలు బుడ్డి పక్కన పెట్టాను.