వేళ కాని విత్తనాల పాట

చెల్లి రత్నకి, దీవెనలతో,

ఫోన్లో మాట్లాడాలంటే సిగ్నల్ కోసం దిబ్బెక్కాలి. దిబ్బ మీద సగం ఊరు ఉంటుంది. అందుకే ఇన్నాళ్లకి కలం పట్టాను.

మన శ్రావణి వయొలిన్ వాయించే విశాఖ బృందం ఆదివారం అరకు వస్తోంది. అడవి మీద, వాన మీద, కొండగాలి మీద కట్టిన శాస్త్రీయ సంగీతమట. అందులో నా కూతురు మన విత్తనాల పాట పెట్టింది, వాళ్ల అమ్మమ్మ దగ్గర విన్నదే. నువ్వు పెళ్లై కురుపాం వెళ్లి ఎన్నేళ్లో అయింది, కట్టడి గుర్తుందో లేదో. చైత్రంలో పండగనాడు మన ఊరి పూజారి, దిశారి, గింజలు పంచుతుంటే కొంగు పట్టి పాడతాం. మిగతా రోజుల్లో కూనిరాగం కూడా తీయం. ఇప్పుడు పుష్యమాసం!

వద్దన్నాను. "మాటల్లేవమ్మా, ఉత్త రాగమే" అంది.

ఇప్పుడు దిశారి మా బావ భీమన్నే. ఆయన చెవిన పడింది. "ఆ గుంట అది వాయిస్తే వచ్చే చైత్రంలో నీ కొంగులో గింజ పొయ్యను, నిర్మలా. తరవాత నన్నేటీ అనీకు" అన్నాడు. దిశారి గింజ పడని ఇల్లు ఆ యేడు విత్తనం చల్లకూడదు.

ముందు వరసలో కూర్చుంటాను. నా ముఖం చూస్తూ అది వాయించగలదా? వాయిస్తే మాత్రం ఇక నా గడప తొక్కనివ్వను. కొండదేవతకి దీపం పెట్టుకున్నాను.

నీ అక్క,
నిర్మల


రత్నా, నా తల్లీ,

వాయించింది. నా ముఖమే చూస్తూ వాయించింది.

వెళ్లిపోదామనే లేచాను. చూసుకునేసరికి కొంగు నా రెండు చేతుల్లో ఉంది. పక్కన, నాతో జీపులో వచ్చిన మన ఊరి ఆడవాళ్లంతా కొంగులు పట్టి నిలబడ్డారు. మగవాళ్ల వైపు నుంచి బావ వచ్చాడు. ఖాళీ పిడికిలితో, గింజలు పోస్తున్నట్టే, ఒక్కొక్క కొంగులో పోసుకుంటూ నా దాకా వచ్చి, నా కొంగులోనూ పోశాడు.

అది చూసి చందా అనుకున్నాడేమో, వెనక నుంచి ఒక పెద్దమనిషి వచ్చి నా కొంగులో నోటు వేశాడు.

వయొలిన్ ఆగింది. శ్రావణి వేదిక దిగి వచ్చి, నోటు తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇది విత్తనాలు పట్టే కొంగండీ" అంది. తన చున్నీ చాచి నా పక్కన నిలబడింది. మిగతా వాద్యాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. పాట సగంలో ఉండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో పక్కింటి మంగ్లు పెళ్లాం ఉండబట్టలేక, "పొయ్యనన్నోడివి, నిర్మలక్కకే ఎక్కువ పోసినావేటి బావా!" అంది. ఆయన నవ్వలేదు. "పోసేసినాను. మరి చైత్రంలో ఏటి సెయ్యాల? ఒక పంటకి రెండుసార్లు పొయ్యకూడదు" అన్నాడు. ఇప్పుడు ఊరంతటికీ అదే దిగులు.

ఇంటికొచ్చాక శ్రావణి నా ఒళ్లో తల పెట్టుకుని, "ఇంకెప్పుడూ వాయించనమ్మా" అని ఏడ్చింది. సరే అన్నాను.

కానీ రత్నా, దేవుడి ముందు కూర్చుంటే ఆ వయొలినే వినిపిస్తోంది. ఆగిన చోటు నుంచి మిగతాది వినాలనుంది, పుష్యంలోనైనా సరే. ఇంత పాపపు ఆశ నీకు తప్ప ఎవరికి చెప్పుకోను? ఈ కాగితాలు పెట్టె అడుగున దాచు. ఎవరికీ చూపించకు. శ్రావణికి అసలే వద్దు. చూస్తే వాయించేస్తుంది.

నీ అక్క,
నిర్మల