సగం తెర

బావా,

మొన్న ఫోన్ మధ్యలో పెట్టేశానని మూతి ముడుచుకున్నావని తెలుసు. ఎందుకు పెట్టేశానో ఫోన్‌లోనే చెబుదామంటే మళ్లీ నీ పేజీ అడ్డమొస్తుందని కాగితం పట్టుకున్నాను. జ్వరంతో నా చెవులు పోయాక, ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉన్న నువ్వు వీడియోలో మాట్లాడే ప్రతి మాటా అక్షరాలై కనపడేలా యాప్ చేసిచ్చావు. అందరికీ చూపించి మురిసిపోయాను. కానీ నువ్వు నోరు తెరవగానే ఆ అక్షరాల పేజీ కింద నుంచి వచ్చి నిన్ను నిలువునా కప్పేస్తుంది. చదివి, మూసి చూసేసరికి నీ నవ్వు అయిపోయి ఉంటుంది. నేను నీ పెళ్లాన్నా, పేపరు చదువుకునేదాన్నా? బాధగా ఉంది బావా. ఇక వీడియోలో మాట్లాడకూడదనుకున్నాను. కర్టెన్లు కుట్టే నేనే వంటింటి కిటికీకి సగం తెర వేస్తాను, వీధి కనపడాలని. అంత చిన్న సంగతి నీకు తట్టలేదా?

నీ చిట్టి

చిట్టీ,

తట్టింది. మొదటిరోజే తట్టింది. మా పనిలో ఒక పేజీని రకరకాలుగా చూపించొచ్చు. పక్క నుంచి కొత్తది వచ్చి, బాణం నొక్కితే పాతదానికి వెళ్లడం ఒకటి. మొత్తం కప్పేయడం ఒకటి. సగం దాకానే లేచి, పైన మనిషిని కనపడనివ్వడం ఇంకొకటి. మా టీమ్ లీడర్ అక్క "సగం పెట్టవయ్యా, ఎదుటి మనిషి కనపడొద్దూ?" అని పోరింది. "అక్షరాలు పెద్దగా ఉండాలక్కా" అని బుకాయించాను.

అసలు సంగతి అది కాదు. ఇక నేను పిలిస్తే నీకు వినపడదని తెలిసినప్పటి నుంచి, నీతో మాట్లాడబోతే చాలు, ఏడుపొచ్చేస్తోంది. గొంతు వణికినా నీకు తెలియదు కదా, మొహం ఒక్కటి పేజీ వెనక దాచుకుని, నువ్వు మూసేలోపు కళ్లు తుడుచుకుంటే గట్టెక్కుతాననుకున్నాను. నువ్వు నా నవ్వు కోసం వెతుక్కుంటున్నావని తెలియదే పిచ్చిదానా. ఈ ఆదివారం సగం పేజీతో మాట్లాడతాను. నా వాలకం చూసి వెక్కిరించకు.

నీ బావ

బావా,

చూశాను. కింద అక్షరాల్లో "నేను బాగానే ఉన్నా, నువ్వు బెంగపడకు" అని ఉంది. పైన గడ్డం మాసి, ముక్కు ఎర్రబడి, కళ్లనిండా నీళ్లతో నువ్వున్నావు. రెండూ ఒకేసారి చూశాక ఇక్కడ కాలు నిలవడం లేదు. ఒప్పుకున్న కర్టెన్లు పక్కింటి వదినకు అప్పగించి, గురువారం పొద్దున్న బండికి దిగుతున్నాను. కావలసినంత సేపు ఇద్దరం కలిసి ఏడుద్దాం, తర్వాత నీ నవ్వు మొదటి నుంచీ చూస్తాను. స్టేషన్‌లో వెనక నుంచి పిలవకు, వినపడదు. ఎదురుగా వచ్చి నిలబడు.

నీ చిట్టి