రేపు బయమ్మను ఆ బల్ల మీద పడుకోబెట్టవద్దని

అనంతపురం,
శనివారం, ఆగస్టు 2007.

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, తాడిపత్రి పట్టణములో బండలు పాలిషు పట్టు ఈరన్న కూతురు, రేడియోగ్రఫీ డిప్లొమా రెండవ సంవత్సరం విద్యార్థిని మౌనిక రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఎక్స్‌రే బొమ్మ చూస్తూ చేయు చికిత్సలలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చు గదిలోని ప్రమాదము – గుమ్మఘట్ట బయమ్మకు రేపు తలపెట్టిన చికిత్సను నిలుపుదల చేయించుట – గురించి.

తమరు సోమవారం నాడు ప్రజల అర్జీలు తీసుకుంటారని తెలియును. రేపు ఆదివారం. సోమవారం దాకా ఆగితే ఈ అర్జీతో పని ఉండదు గనుక ఈ రోజే తమ బంగళాకు తెస్తున్నాను. కళాశాల పేరు ఇందులో రాయలేదు. జతపరచిన నా గుర్తింపు కార్డు మీద ఉన్నది.

1. మా కళాశాలకు అనుబంధముగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉన్నది. పోయిన సంవత్సరం అక్కడికి ఒక పాత యంత్రము తెచ్చారు. అది ఒంటిలోపలి ఎక్స్‌రేను టీవీ తెర మీద కదిలే బొమ్మగా చూపుతుంది. ఆ బొమ్మ చూస్తూ డాక్టరు గారు సూది గుచ్చి, సన్నని తీగను, దాని మీదుగా గొట్టాన్ని లోపలికి పంపుతారు. కోత ఉండదు. కోస్తే తట్టుకోలేని ముసలివారు దీనివల్ల నడిచి ఇంటికి పోవడం కళ్లారా చూశాను. కావున ఈ విద్య మీద నాకు ఫిర్యాదు లేదని ముందుగా మనవి. ఇది నేర్చుకోవాలనే వచ్చాను.

2. ఆదివారాల్లో బెంగళూరు నుంచి డాక్టరు గారు వస్తారు. శిక్షణ పేరుతో విద్యార్థులను గదిలో నిలబెడతారు. ఎక్స్‌రే తగలకుండా తొడుక్కునే సీసపు కోట్లలో మంచిది డాక్టరు గారిది. మాకు ఇచ్చేవి మడతల దగ్గర చిట్లినవి. మా ఒంటికి ఎంత తగిలిందో చెప్పే బ్యాడ్జీలు మా పేర్లతో ఉన్నవి గాని, అవి కరెస్పాండెంటు శ్రీరంగప్ప గారి బీరువాలో ఉంటాయి. పరీక్షకు పంపగా, ఏమీ తగలలేదని నివేదిక వచ్చినది. సదరు బీరువా క్షేమముగా ఉన్నది.

3. యంత్రము ఎక్కువసేపు నడిస్తే హెచ్చరికగా గంట మోగును. మొదటి రోజే టెక్నీషియను వీరప్ప గారు మాకు నేర్పినది ఆ గంటను ఆపడమే.

"ఏమ్మే, మోగితానే ఈ బటను నొక్కేయ్. సారుకు చిరాకు."

"ఎందుకు మోగుతాదన్నా?"

"దానికి పనిలేక."

4. వేసవిలో బయమ్మ అనే కూలీ అవ్వ పచ్చకామెర్లతో వచ్చినది. పైత్యరసం దారి మూసుకుపోవడంతో కుడిపక్క నుంచి గొట్టం వేశారు. ఆ రోజు తీగ దారి పట్టలేదు. డాక్టరు గారు ఎక్స్‌రేను నడిపే పెడలు మీద నుంచి కాలు తీయలేదు. ఆమె కదలకుండా నేను భుజం పట్టుకున్నాను. గంట మోగడం, ఎవరో ఒకరు నొక్కడం, మళ్లీ మోగడం. "నొప్పిగా ఉందా అవ్వా?" అంటే, "ఏమీ తెలీడంల్యా పాపా, మంచి మిషను" అన్నది. ఎక్స్‌రే తగిలేటప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే గంట పెట్టారు.

కొన్ని వారాల తర్వాత గొట్టం కట్టు మార్పించుకోవడానికి వచ్చి, నన్ను మూలకు పిలిచి రవికె పైకెత్తినది.

"సూడు పాపా, నేల మీద పండుకుంటే చీమలు కుట్టినాయేమో. మానడమే ల్యా."

వీపు మీద అరచేతి వెడల్పు చర్మం నల్లబడి ఊడి, లోపల పచ్చిగా ఉన్నది. దానికి నాలుగు మూలలున్నాయి. అంచులు గీత గీసినట్టున్నాయి. అయ్యా, చీమలు నలుచదరంగా కుట్టవు. పడకపుండు నలుచదరంగా రాదు. బల్ల కింద నుంచి ఎక్స్‌రే వచ్చే మా యంత్రం కిటికీయే నలుచదరం.

5. ఈ సంగతి వీరప్ప గారికి చెప్పగా, "పడకపుండని రాసినాం గదా, నీకేం పని?" అన్నారు. గొట్టం మార్చడానికి ఆమెను మళ్లీ అదే బల్ల మీద, అదే వీపు మీద పడుకోబెట్టబోతున్నారని విని శ్రీరంగప్ప గారి దగ్గరికి పోయాను. ఆయన కోపపడలేదు. కాఫీ తెప్పించారు.

"మీ నాయనకు దగ్గు ఎట్లుండాది? ఆయన ఊపిరితిత్తుల ఫోటో మనమే ఊరికే తీస్తాండాం గదా. ఇంగ తీయాల్సినవి శానా ఉంటాయి."

ఆ కాఫీ నేను తాగలేదు.

ఇంటికి పోయి మా నాయనకు చెప్పాను. ఆయన దగ్గు ఆగేదాకా చేయి ఎత్తి పట్టుకుని, తర్వాత అన్నాడు:

"బండ ధూళి కండ్లకైనా కనపడుతాది మ్మా. కనపడుతున్నా మేం నోరు మూసుకొని పీల్చినాం. నువ్వు మూసుకోవాకు. నా ఫోటో యాడన్నా తీస్తారులే."

6. నా తోటి విద్యార్థి తేజ రోగుల పక్కన నిలబడి, తీగ జారకుండా చేతులతో పట్టుకుంటాడు. అతని వేళ్ల చర్మం వేరుశనగ గింజ పొట్టులాగా లేస్తున్నది. గోళ్లకు నల్లచారలు పడ్డాయి. అడిగితే, "గ్లౌజు పడల్యా, అంతే. సారు బెంగళూరులో ఉద్యోగం ఇప్పిస్తానన్యాడు. నువ్వు గమ్మునుండు" అన్నాడు. అన్నం తినేటప్పుడు చెంచాతో తింటున్నాడు. నిన్నటి నుంచి నన్ను గదిలోకి రానివ్వడం లేదు. నా చోట అతనిని పెట్టారు.

7. కావున తమరు దయతో, బయమ్మకు రేపు ఆ యంత్రము మీద చికిత్స చేయకుండా ఆపించి, పెద్ద ఆసుపత్రికి పంపించగలరు. గొట్టం మార్చడం తప్పనిసరి, మార్చకపోతే కామెర్లు తిరగబెడతాయి. కానీ ఆ పుండు తెలిసి, దాన్ని తప్పించి, పక్కగా పెట్టి చేసేవారు చేయాలి. తేజ చేతులను చర్మవైద్యునికి చూపించగలరు. నన్ను తిరిగి చేర్చుకోవాలా వద్దా అన్నది తర్వాతి మాట.

పైన రాసినదంతా నేను చూసినదీ, నాతో అన్నదీ మాత్రమే. తమ పనుల ఒత్తిడిలో కూడా ఈ ఒక్క కాగితాన్ని ఈ రోజే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఈ. మౌనిక

మరొక మనవి: అయ్యా, ఇది రాయదుర్గం బస్టాండులో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోయినందుకు మన్నించాలి. అర్జీ మడిచాక మనసు ఒప్పక, రావద్దని నేనే బయమ్మకు చెబుదామని ముందు ఆమె ఊరు గుమ్మఘట్ట పోయాను. వాకిలికి గొళ్లెం పెట్టి ఉంది. పక్కింటి నారాయణప్ప అనే పెద్దాయన అరుగు మీద ఉన్నాడు.

"ఆసుపత్రి జీపు పొద్దున్నే వచ్చిండ్య. డాక్టరు ఒక దినం ముందే వచ్చినాడంట. ఈ పొద్దే చేస్తారంట."

"అవ్వ పోనని అనలేదా తాతా?"

"యాల అంటాది? నేనే అడిగితి, ఒక్కదానివే పోతాండావు, బయ్యం ల్యాదా అని. మౌనిక పాప ఆడ్నే ఉంటాది, నా బుజం పట్టుకుంటాది, నాకేం బయ్యం అన్య. నువ్వెవురమ్మా?"

నేను దొరికిన ఆటో ఎక్కి ఇక్కడికి వచ్చాను.

అనంతపురం బస్సు వచ్చింది. దిగగానే ఈ కాగితం మీ గేటు దగ్గర ఇచ్చి ఆసుపత్రికి పరుగెత్తుతాను. నన్ను లోపలికి పోనివ్వరు. మిమ్మల్ని ఆపేవాడు లేడు. సార్, భోజనంలో ఉంటే చేయి కడుక్కుని వచ్చేయండి.