కుడి కంటికి రెండు చుక్కలు

1వ తేదీ, ఉదయం 6:40
ఈ రోజు నుంచి కుడి కనురెప్ప వెంట్రుకలు పెంచుతున్నాను. ఎడమ కంటికి ఒత్తుగానే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తూ భూతద్దం కుడి కంటికే బిగించాను కదా, ఆ రాపిడికి ఇటువైపు బోడి అయిపోయింది.
నెలాఖరుకు గురువుగారు దుకాణం నాకు అప్పజెబుతున్నారు. బోర్డు మీద నా ఫొటో వేయిస్తారట. మూడడుగులది!
నియమాలు: ఆముదం రెండు పూటలా, దూదిపుల్లతో. కళ్ళు నలపకూడదు. భూతద్దం ఎడమ కంటికి. రోజూ గుడ్డు, ఆకుకూర.
"ఒక కన్ను పెళ్ళికూతురు, ఒక కన్ను సన్యాసి" అన్నాడు మా ఆయన. నవ్వుకోనీ. నెల తర్వాత మాట్లాడతాను.

3వ తేదీ
ఎడమ కంటితో పని. మరలు రెండేసి కనబడుతున్నాయి. ఒకటి ఎగిరి పడింది. దానికోసం గంటసేపు నేలంతా పాకాను.

6వ తేదీ, మధ్యాహ్నం 1:00
ఆముదం దుకాణానికి కూడా తెచ్చుకుంటున్నాను. ఖాళీ అయిన గడియారం నూనె సీసా కడిగి అందులో పోశాను. వేలెడంత సీసా, ఎవరికీ అనుమానం రాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.
పెరిగాయా అని మా ఆయనను అడిగితే, "లైటు ఆర్పితే పెరిగినట్టే ఉంది" అన్నాడు.

9వ తేదీ
భూతద్దం మళ్ళీ కుడి కంటికే. నియమం తప్పలేదు, వాయిదా పడింది.

12వ తేదీ
కన్ను మంట. నలిపాను. ఒక్కసారే. సరే, నాలుగుసార్లు. గుడ్డు మానేశాను. ఆకుకూర అసలు మొదలుపెట్టనే లేదు.

15వ తేదీ, ఉదయం 11:10
రిటైరైన లెక్కల టీచరమ్మ వచ్చింది. నల్లద్దాలు, తలకు గుడ్డ. పోయిన వారం నేను బాగుచేసిన చేతి గడియారం బల్ల మీద పెట్టింది.
"మళ్ళీ ఆగిందమ్మా. మా ఆయనది. ఆయన పోయిన రోజు కూడా ఇది ఆగలేదు."
మధ్యాహ్నానికల్లా చూసి చెబుతానన్నాను.

12:00
వెనక మూత తీశాను. చక్రాలన్నీ జిగురు. వాసన చూశాను. ఆముదం. సీసాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అచ్చం ఒకేలా.
మరి ఇన్నాళ్ళూ నేను కంటికి రాసుకున్నదేమిటి?

12:20
గురువుగారికి చెప్పాను, ఆముదం తాగిన మొహంతో. ఆయన నవ్వలేదు.
"విప్పి కడుగు. నీ నోటితోనే ఆవిడకు చెప్పు. ఆవిడ సరేనంటే సరే. లేదంటే బోర్డు సంగతి మర్చిపో అమ్మాయ్."

16వ తేదీ, సాయంత్రం 5:30
గడియారం తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే అంతా కక్కేశాను. కన్ను, ఫొటో, సీసా. సిగ్గుతో చచ్చిపోయాను.
ఆవిడ గడియారాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది.
"ఇంతకీ వచ్చాయా?"
"లేదండీ."
నల్లద్దాలు తీసింది. రెండు కళ్ళకూ వెంట్రుకన్నది లేదు. కనుబొమలూ లేవు.
"మందులకు రాలిపోయాయమ్మా. చికిత్స అయిపోయింది, వాటంతట అవే వస్తాయన్నారు డాక్టరు. రోజూ అద్దంలో వెతుక్కుంటాను. నా చూపుకు ఆనవు. చూసిపెట్టే మనిషి లేడు కదా." నా వైపు తిరిగింది. "నువ్వు చూస్తావా?"
కిటికీ దగ్గర కూర్చోబెట్టి, సంచిలోని భూతద్దం తీసి నా కంటికి పెట్టుకున్నాను. ఎడమ కంటి చివర ఒకటి ఉంది. నూగులాంటిది. మళ్ళీ చూశాను. ఉంది.
"ఒకటండీ."
"సరిగ్గా చూశావా?"
"సరిగ్గానే చూశాను."
ఇద్దరం ఏడ్చాం. బోర్డు మాట అడగడం మర్చిపోయి వచ్చేశాను.

17వ తేదీ, ఉదయం 6:40
గురువుగారి ఫోన్. టీచరమ్మ నిన్నే ఆయనతో మాట్లాడిందట. "ఆ అమ్మాయిని ఎక్కడికీ పంపకండి, నాకు ఆమెతో పని ఉంది" అన్నదట.
ఈ రోజు నుంచి మళ్ళీ మొదలు. నియమం ఒక్కటే. సాయంత్రం నాలుగున్నరకు టీచరమ్మ ఇంట్లో ఉండాలి. లెక్క, నిన్నటికి ఒకటి.